అమ్మ పెన్సిల్ గుర్తులు: పాత కథల పుస్తకం అచ్చు వేసిన నా అనుభవం

అమ్మ పోయిన ఐదేళ్ళకు విజయనగరంలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అన్నయ్య అటక మీంచి ట్రంకు పెట్టె దింపాడు. పైన రెండు పాత పట్టుచీరలు, వాటి కింద ఒక దిండు గలీబు. గలీబులో వారపత్రికల నుంచి కత్తిరించి దాచిన కాగితాలు. కూర్చుని లెక్కపెడితే పదకొండు కథలు తేలాయి.

అమ్మ ఒకప్పుడు కథలు రాసేదని మాకు తెలుసు. 1963 నుంచి 1975 దాకా రాసింది, తర్వాత మానేసింది. ఎందుకు మానేశావని నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి ఆ కాగితాలన్నీ చదివాక అడగనందుకు చాలా బాధపడ్డాను. పొద్దున్నే అన్నయ్యతో, "ఇవి పుస్తకంగా వేద్దాం" అన్నాను. వాడు ఒక్కటే అడిగాడు: "ఎంతవుతుందే?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. సొంతంగా పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్ళకు, ముఖ్యంగా అమ్మానాన్నల పాత రచనలు వేయాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

గలీబులోనే ఒక చిన్న నోటుపుస్తకం కూడా దొరికింది. అందులో అమ్మ తన కథల పేర్లు, అచ్చయిన నెల, వచ్చిన పారితోషికం వరసగా రాసుకుంది. మొత్తం పదిహేడు. అంటే ఆరు కథలు మా దగ్గర లేవు. వాటిలో అయిదింటికి పత్రిక పేరు ఉంది. చివరిదానికి కథ పేరు, ఎదురుగా "1971 దీపావళి" అని మాత్రమే ఉంది.

పాత తెలుగు కథ వెతకాలంటే మొదట వెళ్ళాల్సిన చోటు శ్రీకాకుళంలోని కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు పుస్తకాల మీద, పురస్కారాల మీద వచ్చిన డబ్బు పెట్టి 1997లో మొదలుపెట్టిన సంస్థ అది. రచయిత పేరుతో వెతికితే ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో జాబితాలో దొరుకుతుంది. నేను అమ్మ అత్తింటి ఇంటిపేరుతో వెతికితే ఒక్కటే కథ కనిపించింది. రెండు రోజుల తర్వాత తట్టింది, పెళ్ళికి ముందు రాసినవి పుట్టింటి ఇంటిపేరుతో ఉంటాయి కదా అని. అలా వెతికితే ఇంకో మూడు వచ్చాయి. ఆడవాళ్ళ రచనలు వెతికేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. రెండు ఇంటిపేర్లతోనూ చూడాలి, ఇంటిపేరు లేకుండానూ చూడాలి.

అయిదో కథ కోసం వేటపాలెం వెళ్ళాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలు వాళ్ళు ఎంత ప్రేమగా కాపాడుతున్నారో చూస్తే చేతులు జోడించాలనిపించింది. కాగితం అంచులు ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. గాలి తగలకుండా కిటికీ మూసి, ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పి ఫోనులో ఫొటోలు తీసుకున్నాను. దీపావళి సంచికలో వచ్చిన కథ మాత్రం ఎక్కడా దొరకలేదు. పదహారు కథలతోనే పుస్తకం వేద్దామని నిర్ణయించుకున్నాం.

ఇంత తిరగడం అవసరమా అని ఇంట్లో అడిగారు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన కథలు ఎన్నో దశాబ్దాలు పాత పత్రికల్లోనే ఉండిపోయాయి. గురజాడ 1910 నాటి 'దిద్దుబాటు' కంటే ముందే ఒక తెలుగు స్త్రీ కథలు రాసిందని చాలామందికి తెలియకపోవడానికి అదీ ఒక కారణం. పత్రికలో వచ్చిన కథకు ఆయుష్షు ఒక వారమే. పుస్తకంలోకి ఎక్కితేనే తర్వాతి వాళ్ళకు చేరుతుంది.

ఇక టైపింగు. ఫొటోల నుంచి అక్షరాలు పట్టే సాఫ్ట్‌వేర్ వాడి చూశాను. కొత్త పుస్తకాలకైతే బాగానే పట్టింది గాని, అరిగిపోయిన సీసపు అక్షరాలతో అచ్చయిన పాత పేజీలకు పని చేయలేదు. పొట్టలో చుక్క చెరిగిన "థ" అంతా "ధ" అయింది. "ప", "వ" ఒకదాని చోట ఒకటి పడ్డాయి. సరిదిద్దే టైములో కొత్తగా కొట్టుకోవచ్చని, పదహారు కథలూ నేనే టైప్ చేశాను. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలే ఈ మొత్తం పనిలో నాకు దొరికిన అసలు సంపద. కళ్ళతో చదివితే వాక్యం జారిపోతుంది. వేళ్ళతో ఒక్కో అక్షరం కొడుతుంటే అమ్మ ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండోసారి వాడకుండా తప్పించిందో తెలుస్తుంది.

మూడో కథ టైప్ చేస్తుండగా పెన్సిల్ గుర్తులు కనిపించాయి.

పత్రికలో అచ్చయిన వాక్యం ఇది: "పిల్లకు జ్వరం వచ్చింది, బుగత గారింటికి వెళ్ళి రెండు రూపాయలు అడగాలి." ఆ "పిల్లకు" మీద సన్నటి గీత. పక్కన అంచులో అమ్మ దస్తూరీ: "గుంటకి". "జ్వరం వచ్చింది" కింద గీత, అంచులో "జొరం వచ్చినాది". "వెళ్ళి" దగ్గర "ఎల్లి". మాట్లాడుతున్నది ఒక కంబారి పెళ్ళాం. మా వైపు పొలం పనికి కుదిరిన జీతగాణ్ణి కంబారి అంటారు, ఆ పొలం ఆసామిని బుగత అంటారు. అచ్చులో అది కూడా "పాలేరు" అయింది. అమ్మ మళ్ళీ "కంబారి" అని దిద్దుకుంది.

మిగతా కాగితాలన్నీ లైటు కింద పెట్టి చూశాను. పదకొండింటిలో ఏడు కథల మీద గుర్తులున్నాయి. ఒక కథకైతే చేత్తో రాసిన ప్రతి కూడా దొరికింది. అచ్చుతో పోల్చి చూస్తే ఇరవై మూడు చోట్ల మాటలు మారాయి, చివరి వాక్యం ఎగిరిపోయింది. ఆ రోజుల్లో మాండలికం అందరికీ అర్థం కాదేమోనన్న బెంగ సంపాదకులకు ఉండి ఉండవచ్చు. కానీ అమ్మ తన మాటలు పోయాయని ఎవరికీ ఉత్తరం రాయలేదు, ఇంట్లో చెప్పలేదు. తన దగ్గరున్న ఒకే ఒక కాపీలో, ఎవరూ చూడని చోట, ఒక్కో మాటా తిరిగి తెచ్చుకుంది. అది చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

అప్పటిదాకా నాకు పుస్తకం వేయడమంటే ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయడమే. ఇప్పుడు "ఉన్నది" అంటే ఏది? అచ్చయినదా, అమ్మ దిద్దుకున్నదా? గురజాడ 'కన్యాశుల్కం' 1897లో వచ్చిన కూర్పు వేరు, 1909లో ఆయనే తిరగరాసిన కూర్పు వేరు. మనం చదువుకునేది రెండోది, అది రచయిత కోరుకున్నది కాబట్టి. అలాగే పెన్సిల్ గుర్తు ఉన్నచోట, చేతిరాత ప్రతి ఉన్నచోట అమ్మ మాటే వేయాలని నిర్ణయించుకున్నాను. గుర్తు లేనిచోట పత్రికలో ఉన్నట్టే ఉంచాలి, నేను కల్పించుకోకూడదు. అన్నయ్య ఒప్పుకోలేదు. "మిగతా కథల్లో కూడా వాళ్ళే మార్చి ఉంటారే. 'పాలేరు' అని అమ్మ రాయదు. మార్చెయ్" అన్నాడు. నాకూ ఆశ కలిగింది, నిజమే. కానీ నేను మారిస్తే అది కూడా పరాయి చెయ్యి వేయడమే అవుతుంది. ఈ విషయం మీద మేమిద్దరం వారం రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఈలోగా ఒక ప్రచురణ సంస్థను సంప్రదించాను. మూడు వందల కాపీల ఖరీదు ముందే కట్టమన్నారు, పైగా కథల హక్కులన్నీ రాసిమ్మన్నారు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళు కాపీరైట్ వారసులదే. ఒక్క ముద్రణ కోసం అంత హక్కు వదులుకోవడం ఇష్టం లేక, మేమే వేసుకుందామనుకున్నాం.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు అమర్చే పని) దగ్గర నాకు తెలియని లోకం ఒకటి ఎదురైంది. నేను కొట్టింది యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో. తెలుగు ప్రింటింగులో చాలాచోట్ల ఇప్పటికీ 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లు, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ నడుస్తున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు అక్షరాలు దెబ్బతింటాయి. "స్టేషన్‌కి" అన్న మాటలో పొల్లు పోయి "న"కు "క" వత్తు పడింది. అలాంటివి పుస్తకం నిండా వచ్చాయి. మీరు పుస్తకం వేయిస్తుంటే ముందే అడగండి, యూనికోడ్ ఫాంట్లతో ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయగలరా అని. చేస్తామంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

నా విషయంలో పెద్ద ప్రమాదం ఇంకోటి జరిగింది. డీటీపీ చేసినాయన మంచి మనిషి. "ఏటి" అన్న మాట పదే పదే కనిపిస్తే టైపింగు తప్పనుకుని, నాకు సాయం చేస్తున్నాననుకుని, ఒక్క దెబ్బతో అన్నిచోట్లా "ఏమిటి" అని మార్చేశారు. మా వైపు మనుషులు "ఏటి?" అనే అంటారు. పైగా ఏటి ఒడ్డున జరిగే కథ ఒకటుంది. అందులో "ఏటి ఒడ్డున" కాస్తా "ఏమిటి ఒడ్డున" అయి కూర్చుంది. "మేడం, నేను మంచికే చేశానండి" అన్నారు ఆయన. యాభై ఏళ్ళ కిందట పత్రికలో మార్చినవాళ్ళు కూడా మంచికే చేసి ఉంటారు కదా అనిపించి, కోపం మింగుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి మొత్తం నా ఫైలుతో పోల్చి చూశాం. ప్రూఫులు నాలుగుసార్లు దిద్దాల్సి వచ్చింది.

సొంత ప్రూఫు సొంతంగా చూసుకోకూడదు. మనసులో ఉన్న మాటే కాగితం మీద కనిపిస్తుంది. కృష్ణా జిల్లాకు చెందిన రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరు చూసిపెట్టారు. మొదటి ప్రూఫులో "గుంట" అన్న మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి ఫోన్ చేశారు.

"అమ్మా, గుంట అంటే మా వైపు గొయ్యి. చదివేవాళ్ళు తికమక పడరూ?"

"మా వైపు ఆడపిల్లని గుంట అంటాం మాస్టారూ. మగపిల్లాడైతే గుంటడు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, వదిలేద్దాం. అది మీ అమ్మగారి మాట. వెనకాల చిన్న పదపట్టిక ఇవ్వు, చాలు" అన్నారు. అలా నలభై రెండు మాటలకు అర్థాలతో రెండు పేజీలు చేరాయి. ఆయనే భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం చూడమన్నారు. నాగలిలో ఒక్కో భాగాన్ని ఏ జిల్లా రైతు ఏమంటాడో ఊరూరా తిరిగి సేకరించిన పని అది. రెండు మాటలకు అర్థం చూసుకుందామని తెరిచి, మూడు సాయంత్రాలు అందులోనే ఉండిపోయాను. నిఘంటువుని ఎవరు చదువుతారులే అనుకోకండి. పల్లెతో సంబంధమున్న ఎవరైనా ఆ పుస్తకం పట్టుకుంటే వదలరు.

ఆ నెలల్లోనే మరికొన్ని పుస్తకాలు కూడా మళ్ళీ చదివాను. మాండలికం ఎలా రాస్తారు, ఎంత రాస్తారు అన్నది నేర్చుకోవడానికి. మా ఊరివాడే అయిన చాసో కథలు ముందు చదవమంటాను. తక్కువ మాటలతో, ఎక్కడా గొంతు పెంచకుండా, మనిషి లోపలి సంగతంతా చెప్పేస్తాడు. కారా (కాళీపట్నం రామారావు) మాస్టారి 'యజ్ఞం' నిదానంగా చదవాలి. పంచాయితీలో ఒక్కొక్కరు మాట్లాడే తీరు చూడండి, ఎవరి మాట వాళ్ళదే. రావిశాస్త్రి వాక్యంలో ఉండే లయ పైకి చదివితేనే తెలుస్తుంది. ఆయన్ను మౌనంగా చదవడం నష్టం. చిత్తూరు జిల్లా మాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన కథలు చదివాక, "అందరికీ అర్థం కాదేమో" అన్న భయం నాకు పూర్తిగా పోయింది. ఆ మాటలు సగం నాకు కొత్త. అయినా వాళ్ళ అమ్మ నా ఎదుట నిలబడి మాట్లాడినట్టే ఉంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) సంగతి చాలామంది అడుగుతున్నారు. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు ఏమీ లేదు. గుర్తింపు కార్డు, అడ్రసు రుజువు, పుస్తకం వివరాలు ఇవ్వాలి. డబ్బు తీసుకుని నంబరు ఇప్పిస్తామనే వాళ్ళ మాట నమ్మనక్కర్లేదు. నాకు మూడు వారాల్లో వచ్చింది. అట్ట డిజైను పూర్తికాక ముందే దరఖాస్తు చేసి ఉంటే ఆ మూడు వారాలు కలిసొచ్చేవి.

ప్రింటింగులో అన్నీ ఫారాల లెక్క. ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసి మడిచే పేజీల కట్టను ఫారం అంటారు. డెమీ 1/8 (మామూలు కథల పుస్తకం) సైజులో ఒక ఫారానికి పదహారు పేజీలు. మా పుస్తకం 171 పేజీలు తేలింది. పదకొండు ఫారాలంటే 176. ఆ మిగిలిన అయిదు పేజీల్లో అమ్మ నోటుపుస్తకంలోని జాబితా, ఒక పెన్సిల్ గుర్తున్న పేజీ ఫొటో వేశాం. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లితో రకం. రెండు మూడు వందల కాపీలైతే డిజిటల్‌గా వేయించుకోవచ్చు, అంతకు మించితే ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి అచ్చు వేసే పద్ధతి) నయం. మేం ఐదు వందలు ఆఫ్‌సెట్‌లో వేశాం. బైండింగు దగ్గర మాత్రం పట్టుబట్టి కుట్టించాను. జిగురు బైండింగు చవకే గాని కొన్నేళ్ళకు కాగితాలు ఊడి చేతికొస్తాయి. గలీబులో విడివిడి కాగితాలుగా బతికిన కథలు మళ్ళీ విడిపోవడం నాకు ఇష్టం లేదు.

అన్నయ్య ప్రశ్నకు జవాబు: అంతా కలిపి 58 వేలు. కాపీకి 116 రూపాయలు పడింది. ధర 200 పెట్టాం. పుస్తకాల షాపులు మా దగ్గర 40 శాతం కమిషన్ తీసుకున్నాయి, అంటే చేతికి వచ్చేది 120. అదీ అమ్ముడుపోయాక, అడిగాక, కొన్ని నెలలకు. నేరుగా పాఠకులకు పంపితే మిగిలేది కాస్త ఎక్కువే గాని పోస్టు ఖర్చు, ప్యాకింగు మనవే. డబ్బు వస్తుందని ఈ పనిలోకి దిగొద్దు. పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలంటే దాదాపు అన్ని కాపీలూ అమ్ముడుపోవాలి.

పుస్తకం చేతికొచ్చాక ఇంకో బాధ్యత ఉంది, దీన్ని చాలామంది మరచిపోతారు. 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించిన ముప్పై రోజుల్లోపు సొంత ఖర్చుతో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబైలోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ పంపాలి. నాలుగు కవర్ల మీద అడ్రసులు రాస్తుంటే, విశాఖపట్నం దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని అమ్మ గుర్తొచ్చింది. అయిదో కాపీ నేనే శ్రీకాకుళం తీసుకెళ్ళి కథానిలయంలో ఇచ్చి వచ్చాను.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తెలిసినవాళ్ళ స్టాల్‌లో ఒక మూల చోటిచ్చారు. ఎన్టీఆర్ స్టేడియంలో సాయంత్రం పూట నడవడానికి చోటుండదు. పిల్లలు, కాలేజీ వాళ్ళు, పెద్దవాళ్ళు సంచులు నింపుకుని తిరుగుతుంటే తెలుగు పుస్తకం ఎవరూ చదవడం లేదన్న మాట ఎలా నమ్మాలో అర్థం కాదు. మా పుస్తకం అరవై ఒక్క కాపీలు వెళ్ళాయి. పార్వతీపురం నుంచి వచ్చి మియాపూర్‌లో స్థిరపడ్డ ఒకావిడ పుస్తకం మధ్యలో తెరిచి, నాలుగు లైన్లు చదివి, పక్కనున్న కూతురితో "ఇదిగో గుంటా, మీ అమ్మమ్మ మాట" అంది. ఆ అమ్మాయి తల్లి చేతిలోంచి పుస్తకం లాక్కుని అక్కడే నిలబడి చదివింది. ఆ రోజంతా నాకు వేరే ఏమీ అక్కర్లేకపోయింది.

ఫిబ్రవరిలో ఒక పాఠకుడు ఫోన్ చేశారు. బొబ్బిలి దగ్గర ఊరు. వాళ్ళ నాన్నగారు పాత పత్రికలు కట్టలు కట్టి దాచేవారట. చివర వేసిన జాబితా చూసి, 1971 దీపావళి సంచికలన్నీ వెతికారట. "దొరికిందమ్మా, మీ అమ్మగారి కథ" అన్నారు. ఏడు పేజీల ఫొటోలు వచ్చాయి. అన్నయ్యకు పంపి, ఇద్దరం ఫోన్‌లో ఉండగానే చదివాం. అయిదో పేజీలో "పాలేరు" అని ఉంది.

అన్నయ్య చాలాసేపు ఊరుకున్నాడు. "పక్కన ఏమైనా రాసుందేమో పెద్దది చేసి చూడవే" అన్నాడు. పెద్దది చేసి చూశాను. అది వాళ్ళ నాన్నగారి కాపీ, అంచులు తెల్లగా ఉన్నాయి.

"అయితే అలాగే ఉంచు" అన్నాడు అన్నయ్య. రెండో ముద్రణకు ఆ కథ టైప్ చేయడం నిన్నే పూర్తయింది.